గుడ్ల కట్టు

తొలివాన పడి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో చెరువులో ఒక్క వల కూడా తడవలేదు. రేవులో పడవలన్నీ ముక్కులు ఒడ్డుకి ఆనించి, పనిలేని మనుషుల్లా ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. తిరుగుతున్నది సరంగు పడవ ఒక్కటే. అదీ వల లేకుండా, తట్ట లేకుండా, ఒట్టి గడతో.

గుడ్ల కట్టు నలభై రోజులు. చేప గుడ్డు పెట్టి, గుడ్డు పిల్లై, ఆ పిల్ల తన తిండి తాను వెతుక్కునేదాకా ఎవడూ నీళ్ళ జోలికి పోకూడదు. పోయినవాడి పడవని ఒడ్డుకి లాగి బోర్లిస్తారు. వచ్చే ఏడాది తొలివాన పడేదాకా అది బోర్లా ఉండాల్సిందే. అందాకా వాడు నీళ్ళలో కాలు పెట్టకూడదు, ఇంకొకడు వాణ్ణి తన పడవ ఎక్కించుకోకూడదు. ఇదేదీ కాయితం మీద లేదు. ఉన్నదల్లా సరంగు నోట్లో. పద్ధెనిమిదేళ్ళుగా కాపలా అతనిదే, తగువు అతనిదే, జనం పెట్టే శాపనార్థాలు కూడా అతనివే. ఆ శాపనార్థాల్లో అయినా అతని అసలు పేరు ఎవరూ ఎత్తరు. సరంగు అంటే చాలు.

రేవుకి ఆనుకునే జమ్ము మొదలవుతుంది. పైన మనిషెత్తు ఆకు, కింద మోకాలు నుంచి నడుం దాకా నీళ్ళు. చెరువులో చేపలన్నిటికీ పురిటిల్లు అదే. సరంగు గడ చప్పుడు కాకుండా దించి, పడవని జమ్ము అంచునే నడిపించాడు. చెయ్యి చాపి ఒక కాడని మొదట్లో పట్టుకుని పైకి నిమిరాడు. కిందటి వారం ఇదే కాడ అరచేతికి గరగరలాడింది. పరిగె చేపల గుడ్లు సగ్గుబియ్యం అద్దినట్టు ఉండేవి. ఇప్పుడు నున్నగా ఉంది. ఇంకో కాడ పట్టుకున్నాడు. నున్నగా ఉంది. పది కాడలు చూశాడు. ఎవరో వరసాగ్గా నాకి పెట్టినట్టు ఉన్నాయి.

కొర్రమీను గూళ్ళు నాలుగు గుర్తు పెట్టుకున్నాడు కిందటి వారం. మూడు చోట్ల ఏమీ లేదు. నాలుగోది రేవుకి దగ్గర్లోనే, జమ్ము విరిచి చేసుకున్న చాపంత జాగా. అక్కడ పడవ ఆపి, గడ నేలకి గుచ్చి, దానికి గడ్డం ఆనించి కూర్చున్నాడు. కాసేపటికి నీటి మీదికి ఎర్రగా ఒక పొర లేచింది. చాటంత మేర, కుంకుమ ఒలికినట్టు. పిల్లలు. గాలి గుటక వేసి మళ్ళీ దిగిపోయాయి. వాటి కింద కొర్రమీను పోతు నల్లగా తిరుగుతోంది. అది తిండి తినదు, ఆ పిల్లల్ని వదలదు. బీడీ సగం కాలేలోపు పిల్లలు ఇంకోసారి పైకొచ్చాయి. సరంగు మనసు కొంచెం కుదుటపడింది.

అప్పుడు కనపడింది రేకుచేప. మూడేళ్ళ కిందట ఎక్కడినుంచో ఈ చెరువులోకి వచ్చిపడింది. పేపరువాళ్ళు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. రేవులో వాళ్ళకి అంత భయం లేదు, కోపమే. ఒళ్ళంతా రేకులు కొట్టి సీలలు దిగేసినట్టు ఉంటుంది కాబట్టి రేకుచేప. నోరు కిందికి ఉంటుంది. వేటాడదు, తరమదు. నేలకి కరుచుకుని, ఎవరి సొమ్మో తుడిచి పెట్టుకుంటున్నంత నిదానంగా కాడ మొదలు నుంచి నాకుతూ వస్తుంది. కొర్రమీను వెళ్ళి దాని డొక్కలో ఢీకొట్టింది. రేకుచేప పక్కకి జరిగి, మళ్ళీ మొదలుపెట్టింది. కొర్రమీను ఇంకోసారి కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు దాని మూతి తెల్లగా చిట్లి ఉండటం సరంగు చూశాడు. ఎన్ని రోజుల నుంచి కొడుతోందో. అంతలో రెండోది వచ్చింది. దాని వెనక మూడోది.

గడతో పొడిచాడు. రాయిని పొడిచినట్టు ఉంది. ఇక లాభం లేక తుండు చేతికి చుట్టుకుని, వంగి, ఒకదాని తోక పట్టి లాగాడు. అది వీపు ముల్లు నిటారుగా బిగించి కిర్రుమంది. అరచెయ్యి తుండుతో సహా చిరిగింది. 'నీ అమ్మ కడుపు మాడ' అని తిట్టి, దాన్ని పైకెత్తి, గూటికి దూరంగా లోతు నీళ్ళలోకి విసిరేశాడు. అది దబ్బున పడింది. సరంగు నెత్తురు చెయ్యి చెరువులో కడుక్కుని గడ అందుకున్నాడు.

ఇంటిదగ్గర అతని భార్య గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. కట్టు రోజుల్లో ఆవిడ వ్యాపారం అదే. పోయినేడు ఈ రోజులకి గోనె నిండా ఉండే సరుకు ఇప్పుడు చేటలో సగానికి వచ్చింది. పురుగు పట్టినవి ఒకవైపు, పట్టబోయేవి ఒకవైపు వేస్తోంది.

"ఏమయ్యా, ఆ చెయ్యేంటి?"

"రేకుచేప ముల్లు."

"వల లేకుండా ముల్లెట్లా దిగింది? వెళ్ళి కావిలించుకున్నావా?"

చెప్పాడు. ఆవిడ చేతులు ఆగకుండానే విన్నది. లేచి వెళ్ళి పసుపు తెచ్చి, చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని అద్దింది. మెల్లగా అద్దే అలవాటు ఆవిడకి లేదు.

"లాగావు సరే. లాగి ఏం చేశావ్ దాన్ని?"

"ఏం చేస్తా. అవతల పడేశా."

"అవతలంటే?"

"అవతలంటే అవతలే. లోతులో."

ఆవిడ పసుపు చెయ్యి గాల్లో ఆగింది. మొగుడి మొహంలోకి చూసింది. అతను తమాషాకి అంటున్నాడేమోనని చూసినట్టుంది.

"అంటే చెరువులోంచి తీసి, చెయ్యి చీల్చుకుని, మళ్ళీ చెరువులోనే వేశావా?"

"మరి? వద్దన్న చేపని ఒడ్డున పడేసి చంపుతామా ఎవరైనా?"

ఆ మాట అతను పద్ధెనిమిదేళ్ళుగా అంటున్నదే. తిననిది, అమ్మనిది వలలో పడితే ప్రాణంతో నీళ్ళలోకి వదలాలి. ఒడ్డున విసిరేసి కుళ్ళబెట్టినవాణ్ణి అతను రేవులో నలుగురి ముందూ నిలబెట్టి కడిగేసేవాడు. మొదట్లో తిట్టుకుంటూ వదిలారు. పోను పోను అందరి చేతులకీ అదే అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరూ ఆలోచించరు. వద్దన్నది వలలో కనపడగానే చెయ్యి దానంతటదే విడిపించి, అటు తిరిగి, నీళ్ళలోకి విసురుతుంది.

"మూడేళ్ళ నుంచి అందరూ ఇంతేనా?" అని అడిగింది ఆవిడ. "వలలు చింపినదాన్ని ముల్లు ముల్లూ విడిపించి, నీళ్ళు చల్లి, సాగనంపి వస్తున్నారా? నా తమ్ముడు కూడానా?"

"వాడూ అంతే."

"ఇంట్లో ఎలక దొరికితే మళ్ళీ బియ్యం డబ్బాలో వదిలే ఆడదాన్ని నేనెక్కడా చూళ్ళేదయ్యా." ఆవిడ చేట దగ్గరికి జరిగింది. "మగవాళ్ళు ఎనిమిది పడవలేసుకుని రోజూ వెళ్ళి చేస్తున్న పని ఇదా!"

సరంగు పసుపు అద్దిన అరచేతిని మోకాలి మీద పెట్టుకుని, ఏదో అప్పగించిన వస్తువుని చూసినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు గానీ ఏం తిన్నాడో అతనికి తెలియదు.  

మర్నాడు పొద్దున్నే వలల షెడ్డుకి వెళ్ళాడు. రేకుల కప్పు కింద ఆరుగురు కూర్చుని చిరుగులు అల్లుతున్నారు. కట్టు రోజుల్లో వలలు బాగు చేసుకోవడం ఎప్పుడూ ఉన్నదే గానీ, ఇప్పుడు వల కంటే చిరుగు పెద్దదిగా ఉంటోంది. బావమరిది ఒక మూల పొడుగాటి కాళ్ళు చాపుకుని, కాలి బొటనవేలికి వల తగిలించి అల్లుతున్నాడు. ఆ కాళ్ళని బట్టే వాడి పేరు కొంగ. చేపల సంఘం ప్రెసిడెంటు కుర్చీలో ఉన్నాడు. సంఘం మొత్తానికి ఆ కుర్చీ ఒక్కటే, దానికి చేతులు రెండూ లేవు.

సరంగు నిలబడే చెప్పాడు. కాడల మీద గుడ్లు లేవని, నాలుగు గూళ్ళలో ఒక్కటి మిగిలిందని, జమ్ములోకి దిగి రేకుచేపల్ని చేతుల్తో ఏరెయ్యాలని, ఏరినవాటిని మాత్రం మళ్ళీ నీళ్ళలో వెయ్యకూడదని. ఆఖరి మాట చెప్పేటప్పుడు అతని గొంతు తగ్గింది.

సూదులు ఆగాయి. 

"జమ్ములోకి," అన్నాడు ప్రెసిడెంటు. "కట్టులో."

"కట్టులోనే. కట్టు అయ్యాక ఏరితే ఏం లాభం, గుడ్లన్నీ దాని పొట్టలో ఉంటాయి."

"సరంగూ, నువ్వు చెప్పిందే నీకు చెప్తా విను. ఇవాళ రేకుచేప కోసమని నువ్వు దిగుతావు. రేపు రేకుచేప కోసమనే ఇంకోడు వల దించుతాడు. అందులో కొర్రమీను పడితే పొరపాటున పడిందంటాడు. ఈ మాటలు ఎవరివో గుర్తుందా?"

కొంగ తల ఎత్తలేదు. పోయినేడు కట్టులో రేకుచేపలకి వల వేద్దామని అడిగింది వాడే. బావ వాణ్ణి అందరి ముందూ ఆ మాటలతోనే కూర్చోబెట్టాడు.

"నావే," అన్నాడు సరంగు.

"మరింకేం. రేకుచేపల గురించి ఫిషరీస్ ఆఫీసుకి కాయితం పెట్టాం కదా. వాళ్ళు పరిశీలిస్తున్నారు."

"కాయితం పెట్టి రెండేళ్ళైంది. అది పరిశీలించేలోపు రేకుచేప వాళ్ళ బల్ల కిందికి కూడా వస్తుంది," అన్నాడు కొంగ కింది నుంచే. ఇద్దరు నవ్వారు.

"ఆ బోర్డు చూసి మాట్లాడు," అని ప్రెసిడెంటు సూదితో బయటికి చూపించాడు. రేవు పక్కన పోయినేడు ఆఫీసువాళ్ళు పాతిన బోర్డు. సంతాన కాలంలో వేట మానిన ఆదర్శ సంఘం అని రాసి, పక్కన సరంగు ఫొటో వేశారు. ఎండకి ఫొటోలో మొహం నీలంగా మారింది. "రేపు వాళ్ళొచ్చి కట్టులో పడవ తిరుగుతోంది ఏంటంటే ఏం చెప్పను? లైసెన్సు సంఘానికి, ఒక్కడికి కాదు. పోతే ఎనిమిది పడవలూ పోతాయి."

అతను అన్నది అబద్ధం కాదు. అదే సరంగుని ఎక్కువ బాధపెట్టింది. ఎదుటివాడు దొంగైతే తిట్టవచ్చు. సరిగ్గా తను మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ణి ఏమని తిడతాడు?

"అయితే బోర్డు మీద నా మొహం ఒక్కటే మిగుల్తుంది. దాన్నే వండుకు తినండి," అని బయటికి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం పాత సైకిల్ ట్యూబులు రెండు పొడుగ్గా చీల్చి పెట్టుకున్నాడు. భార్య చూసింది. ఏమిటని అడగలేదు. మర్నాడు తెల్లారుతుండగా తనే వాటిని అతని రెండు అరచేతులకీ బిగించి చుట్టి, మణికట్టు దగ్గర తాడు కట్టింది.

"పడవ బోర్లిస్తారు," అన్నాడు అతను.

"బోర్లించనీ. నిటారుగా ఉండి మాత్రం ఏం మోసుకొస్తోంది?" తాడు ముడి పళ్ళతో లాగి బిగించింది. "దిగితే దిగావు, సగం తీసి వచ్చెయ్యకు."

సరంగు దొంగతనంగా వెళ్ళలేదు. ఎండ వచ్చాక, రేవులో మనుషులు మొహాలు కడుక్కుంటూ ఉండగా, పడవలో తట్ట పెట్టుకుని బయల్దేరాడు. తట్ట కనపడగానే ఎవరో ఉమ్మడం ఆపేసి చూశారు. కొంగ ఒడ్డు వెంట పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"బావా, వద్దు బావా. ఏడాది. ఏడాదంటే నీకు తెలుసు కదా? నిన్ను నా పడవ కూడా ఎక్కించుకోకూడదు నేను."

"నిన్ను ఎవడు ఎక్కించుకోమన్నాడ్రా?"

"అక్కకి ఏం చెప్పమంటావు?"

"ఈ తాడు కట్టింది మీ అక్కే."

కొంగ నిలబడిపోయాడు. జమ్ము మొదట్లో ఒంటికాలి మీద ఉన్నట్టు ఉన్నాడు. దిగలేదు, వెళ్ళనూ లేదు.

సరంగు గూటికి ఇవతల పడవ కట్టి నీళ్ళలోకి దిగాడు. పాదం కింద నేల మునుపటిలా లేదు. గట్టు పొడుగునా బొరియలు. మోకాలు పట్టేంత ఒక్కోటీ. రేకుచేపలు గట్టులోకి తొలుచుకుని కాపురాలు పెట్టాయి. చెయ్యి దూర్చి వెతికాడు. ముందు తోక తగులుతుంది. తోక పట్టి లాగితే ముళ్ళు బిగించి గోడకి మేకులా అతుక్కుంటుంది, చేతులు ఊడతాయి గానీ అది రాదు. రెండు మూడు పోయాక కిటుకు తెలిసింది. తోక వదిలేసి, చెయ్యి పక్క నుంచి పోనిచ్చి, కింద నోట్లో బొటనవేలు పెట్టాలి. అది వేలిని చంటిపిల్లలా చప్పరిస్తుంది. చప్పరిస్తున్నంతసేపూ ముళ్ళు వదులుతుంది. అప్పుడు మెల్లగా తనవైపు తిప్పుకుని బయటికి తీయాలి. తీసి పడవలో వెయ్యాలి.

మొదటిది పడవలో పడ్డప్పుడు చెక్క మీద ఠంగుమంది. రెండోదాన్ని పట్టుకున్న చెయ్యి అతని ప్రమేయం లేకుండానే లోతు వైపు తిరిగింది. మోచెయ్యి దాకా వెనక్కి వెళ్ళింది. విసరబోతూ పట్టుకున్నాడు. అలాగే నిలబడి రొప్పాడు. ఇంత వయసొచ్చాక తన చేతినే తను కాపలా కాయాల్సి వచ్చింది. తర్వాత ప్రతిదానికీ పైకే అనుకుంటూ వేశాడు. 'పడవలోకి. పడవలోకి.' ఒడ్డు నుంచి వింటున్న కొంగకి బావకి మతి చెదిరిందేమో అనిపించి ఉంటుంది.

అడుగు తీసి అడుగు వెయ్యడానికి ముందు కాలితో తడిమి చూసుకున్నాడు, బురద లేవకుండా. గూటి దగ్గరికి మాత్రం పోలేదు, చుట్టూ ఏరాడు. మధ్యమధ్యలో తల తిప్పి చూస్తే పిల్లలు ఎర్రగా లేచి దిగుతున్నాయి. పోతు అతన్ని కూడా రెండుసార్లు పిక్క మీద కొట్టింది. ఆ దెబ్బకి నొప్పి కంటే సంతోషం ఎక్కువ కలిగింది. దానికింకా కొట్టే ఓపిక ఉంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తట్ట నిండి, పడవ అడుగు నిండి, పైన కూడా పరుచుకున్నాయి. నడుం నిలబడనన్నది. ఏరింది రేవు వైపు కాస్త మేరే. జమ్ము అవతలి కొస కనపడనంత దూరం ఉంది. పడవ ఎక్కడానికి చోటు లేక, దాన్ని తాడుతో లాక్కుంటూ రేవుకి నడిచి వచ్చాడు.

ప్రెసిడెంటు గట్టు మీద ఉన్నాడు. పడవలోకి చూశాడు. రేకుచేపలు ఒకదాని మీద ఒకటి కదులుతూ కిర్రుమంటున్నాయి.

"రేపు పొద్దున్న అందరం వస్తాం," అన్నాడు. "అందాకా పడవని ముట్టుకోకు. లోపల ఏముందో అందరూ చూడాలి."

"చూడాల్సిందే," అన్నాడు సరంగు.

మర్నాడు అందరూ వచ్చారు. వాళ్ళతో బాటు వాళ్ళ ఆడవాళ్ళు కొందరు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. సరంగు భార్య వాళ్ళలో లేదు. ఆవిడ ఎప్పటిలాగే చేట తీసుకుని బజారుకి వెళ్ళింది.

పడవని సగం ఒడ్డుకి లాగి ఉంచారు. బోర్లించాలంటే ముందు ఖాళీ చెయ్యాలి. రాత్రంతా నీళ్ళు లేకుండా ఉన్నా రేకుచేపలు చావలేదు. పైవి ఎండి బూడిదరంగుకి తిరిగాయి, కిందివి ఇంకా నోళ్ళు ఆడిస్తున్నాయి. కొంగ గట్టు మీద గొయ్యి తీశాడు. మనుషులు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందించసాగారు.  చావు ఇంట్లో సామాను సర్దుతున్నట్టుంది. సరంగు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కట్టు తప్పినవాడు చెయ్యి వెయ్యకూడదు.

ప్రెసిడెంటు పడవ వెనక కొస దగ్గర, నీటి అంచున ఉన్నాడు. తట్ట అడుగు నుంచి పెద్దదాన్ని ఒకదాన్ని తీశాడు. మోచెయ్యంత ఉంది. అది ఒక్కసారి ఒళ్ళు విదిలించి అతని మణికట్టు గీరింది. 'ఛీ' అని అతను అటు తిరిగి, చెయ్యి వెనక్కి తీసుకుని, జమ్ములోకి విసిరేశాడు.

దబ్బుమన్న చప్పుడు అందరూ విన్నారు.

వరస ఆగిపోయింది. ప్రెసిడెంటు ఖాళీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అతను ఆ చేతిని చూసుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి సరంగుని చూశాడు. సరంగు మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. అతను కూడా ఆ చేతినే చూస్తున్నాడు.

"నేను... వెయ్యాలని వెయ్యలేదు," అన్నాడు ప్రెసిడెంటు.

"మూడేళ్ళుగా ఎవరమూ వెయ్యాలని వెయ్యలేదు," అన్నాడు సరంగు.

రేకుచేప ఎంతో దూరం పోలేదు. ఎండ దెబ్బకి మందంగా ఉండి, మోకాలు లోతులో వీపు కనపడేలా ఆగింది. ప్రెసిడెంటు పంట్లాం కూడా మడవకుండా దాని వెనక దిగాడు. రెండడుగులు వేశాడు. మూడో అడుగు గట్టు కింద బొరియలో పడింది. తొడ దాకా దిగబడి, ముందుకి పడి, మొహం నీళ్ళలో కొట్టుకుంది. పక్కనున్న ఇద్దరు లేపడానికి దూకారు. అందులో ఒకడు 'అమ్మో' అని ఒంటికాలి మీద లేచాడు. కాలి కింద ముల్లు. వాడు ఎగిరి కాలు పెట్టిన చోట ఇంకోటి.

"ప్రెసిడెంటుగారూ, కట్టులో జమ్ములో దిగారండోయ్!" అని కొంగ గొయ్యి దగ్గర నుంచి అరిచాడు. నవ్వించాలనే అరిచాడు గానీ ఎవరూ నవ్వలేదు. వాడే పార పడేసి దిగాడు.

ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. గడ్డం నుంచి బురద కారుతోంది. వంగి ఒక జమ్ము కాడని మొదట్లో పట్టుకుని పైకి నిమిరాడు. ఇంకోదాన్ని నిమిరాడు. ఆ మనిషి యాభై ఏళ్ళుగా ఈ రేవులో ఉన్నాడు. చేతికి గరగర తగలకపోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.  బొరియలోకి చెయ్యి దూర్చాడు. తోక పట్టి లాగాడు, రాలేదు.

"తోక కాదు," అన్నాడు సరంగు ఒడ్డు నుంచి. "నోట్లో బొటనవేలు పెట్టు. చప్పరించనివ్వు. అప్పుడు తిప్పు."

అలా ఒక గంట గడిచింది. గొయ్యి నిండింది. కొంగ ఇంకో గొయ్యి మొదలుపెట్టాడు. అప్పుడు ప్రెసిడెంటు ఒడ్డెక్కి, ఖాళీగా ఉన్న పడవ పక్కన నిలబడి, సరంగు మొహం చూడకుండా అన్నాడు.

"మాట మాటే కదా, సరంగూ."

"మాటే."

"ఇవాళ దీన్ని వదిలేస్తే, రేపు వలతో వచ్చినవాణ్ణి నిలబెట్టి అడిగే నోరు నాకుండదు."

"నాకూ ఉండదు. కానివ్వండి."

ఎనిమిది మంది ఒకవైపు చేరి అంచు పట్టారు. పట్టిన తీరు చూసి సరంగు ఉండలేకపోయాడు. "అక్కడ పట్టకండి, పక్క చెక్క విరుగుతుంది. అడుగు దూలం దగ్గర ఇద్దరు ఉండండి. కింద జమ్ము పరవండి ముందు. మీ అబ్బ సొమ్మా?" అని దగ్గరుండి చెప్పాడు. వాళ్ళు అతను చెప్పినట్టే చేశారు. పడవ మెల్లగా పక్కకి లేచి, ఒక క్షణం నిలబడి, బోర్లపడింది. అడుగు చెక్కల్లోంచి నీళ్ళు కాసేపు కారాయి. ఎవరో దాని మీద ఒక చెయ్యి వేసి తీశారు.

అయిపోయింది. ఇళ్ళకి పోతారనుకున్నాడు. ప్రెసిడెంటు పంట్లాం ఈసారి సరిగ్గా మడుచుకుని, పడవా వలా లేకుండా, ఒట్టి చేతుల్తో మళ్ళీ జమ్ములోకి దిగాడు. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్ళు దిగారు. ఆడవాళ్ళలో ఇద్దరు తట్టలు తెచ్చి నీటి అంచున కూర్చున్నారు. రేవులో ఉన్న మనుషులందరిలోకీ నీళ్ళలో కాలు పెట్టకూడనివాడు సరంగు ఒక్కడే. అతను బోర్లా ఉన్న పడవ మీద కూర్చున్నాడు.

ఎనిమిది మంది కాళ్ళకి జమ్ములో నీళ్ళు చిక్కబడ్డాయి. బురద పొరలు పొరలుగా లేచి గూడు వైపు జరుగుతోంది. చాపంత జాగా అక్కడే ఉంది, విరిగిన జమ్ము అంచుతో సహా. సరంగు దాని మీద నుంచి కళ్ళు తిప్పలేదు. బీడీ వెలిగించాడు. సగం కాలేలోపు ఎర్రగా లేవాలి. సగం కాలింది. మొత్తం కాలింది. వేలు చురుక్కుమంటే పడేసి ఇంకోటి వెలిగించాడు. పోతు వీపు అయినా ఎక్కడో ఒకచోట నల్లగా మెరుస్తుందేమోనని చూశాడు. నిన్న పిక్క మీద అది కొట్టిన చోట ఇంకా కమిలి ఉంది. అక్కడ చేత్తో రాసుకున్నాడు. రెండో బీడీ కూడా అయిపోయింది. నీళ్ళ మీద ఒక గడ్డిపోచ తిరుగుతోంది, అంతే.

"సరంగూ!" ప్రెసిడెంటు నడుంలోతులోంచి పిలిచాడు. వంగిన నడుములన్నీ లేచాయి. పనులు ఆపి అందరూ అతనివైపు తిరిగారు. మొహాల నిండా బురద, ఆ బురదలో కళ్ళు. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ తినలేదు. ఒకడి కాలు నుంచి నెత్తురు కారుతోంది. అందరూ అలిసిపోయి ఉన్నారు, ఇంకొక్క మాటకి ఒడ్డెక్కేసేలా ఉన్నారు. జమ్ము అవతలి కొస ఇంకా అంత దూరం ఉంది.

"గూడు దగ్గర పిల్లలు లేచాయా? కనపడ్డాయా నీకు?"

పద్ధెనిమిదేళ్ళలో సరంగు రేవులో ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. ఆడినవాణ్ణి వదిలిపెట్టలేదు.

"లేచాయి," అన్నాడు. "ఇప్పుడే. చాటంత ఉన్నాయి. అటు పక్క అడుగులు మెల్లగా వెయ్యండి."

ప్రెసిడెంటు తల ఊపాడు. కొంగ 'విన్నారా, మెల్లగా' అని పక్కవాళ్ళకి చెప్పాడు. వాళ్ళందరూ మళ్ళీ వంగారు. ఆ చాపంత జాగా దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కడూ కాలు ఎత్తి, ముందు తడిమి చూసుకుని, బురద లేవకుండా దించి, దాని చుట్టూ తిరిగి వెళుతున్నారు. సరంగు పడవ మీద కూర్చుని చూస్తున్నాడు.